అవతలి గట్టు కూత

ఆస్పత్రి మందుల కౌంటర్,
వానలు మొదలైన వారం

ప్రియమైన మరదలికి,

ఈ ఉత్తరం మీ ఇంటికి కాకుండా నీ కళ్ళద్దాల షాపుకి పంపిస్తున్నాను. మీ ఆయన చేతిలో పడితే, మా ఇంటి చేతిరాత చూసినందుకే రెండు పూటలు అలిగి పడుకుంటారని నాకు తెలుసు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. మా ఇంట్లో రెండు ఫోన్లూ ఇప్పుడు నా అధీనంలో లేవు. ఒకదాంట్లో పిట్టల కూతలు వినిపిస్తాయి, రెండోదాంట్లో పిట్టల కూతలు రికార్డవుతాయి. నాకు మిగిలింది కాగితమూ కలమూ.

అర్థమైందిగా. మీ అన్నయ్యకి పిట్టల పిచ్చి పట్టింది.

పళ్ళ సెట్లు చేసుకునే మనిషి. దవడ అచ్చులో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తారు. అలాంటి మనిషి ఇప్పుడు మోచెయ్యంత లెన్సు కొని, దాన్ని పసిపిల్లాడిలా ఎత్తుకుని హాల్లో తిరుగుతున్నారు. ధర ఎంతని అడిగితే "కళకి ధర కట్టకూడదు" అన్నారు. అంటే నేను భయపడ్డదానికంటే ఎక్కువే అన్నమాట. ఆకులూ కొమ్మలూ అచ్చేసిన చొక్కా, ప్యాంటు, టోపీ కూడా వచ్చాయి. అవి వేసుకుంటే పిట్టలకి కనపడరట. పిట్టల సంగతేమో గానీ, పక్కింటి కుక్కకి మాత్రం బ్రహ్మాండంగా కనపడుతున్నారు.

ఇదంతా ఇంట్లో జరిగే ముచ్చట. అసలు సంసారం ఇంటర్నెట్‌లో ఉంది. 'రెక్కల లోకం' అని ఒక గుంపు. అక్కడ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు పనికిరావు, అందరికీ ముసుగు పేర్లే. సోడాబుడ్డి అద్దాలు లేందే తన చెప్పులు తను వెతుక్కోలేని మీ అన్నయ్య అక్కడ 'డేగకన్ను'. ఆ లోకం భాష నేను కొంచెం నేర్చుకున్నాను. ఫోటో మసకగా వస్తే దాన్ని 'రికార్డు షాట్' అంటారు. పిట్ట ఆవగింజంత వస్తే 'పరిసరాలతో కూడిన చిత్రం' అంటారు. పిట్ట ఎగిరిపోయి ఉత్త కొమ్మ మిగిలితే 'నిరీక్షణ' అని పేరు పెడతారు. మీ అన్నయ్య పెట్టిన ఉత్త కొమ్మకి వందమంది పైగా "మాస్టర్ షాట్ సార్" అన్నారు. ఫోటో కింద ఆయన పేరు కొమ్మకంటే పొడుగ్గా ఉంది. మన బాల్కనీలో గుడ్లు పెట్టిన పావురాన్ని మాత్రం ఎవరూ లెక్కచెయ్యరు, అది పిలవకుండానే వస్తుంది కాబట్టి.

నవ్వుకున్నది చాలు. అసలు సంగతి రాస్తాను. అత్తయ్య తుంటి ఆపరేషన్ చలికాలం రాగానే చేసెయ్యాలని డాక్టరు అన్నారు. ఆలస్యమైతే ఇక మంచం దిగడం కష్టమట. అత్తయ్య ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. "నా కూతురూ అల్లుడూ ఇద్దరూ ఈ గుమ్మంలోకి వస్తేనే నేను ఆ బల్ల ఎక్కేది" అంటోంది. ఒక్క ఫోటో గురించి బావాబావమరుదులకి మూడేళ్ళుగా మాటల్లేవు. అందరినీ వరసగా నిలబెట్టి మీ అన్నయ్య ఫోటో తీశారు, పెద్దది చేయించి గోడకి కొట్టారు, చివర నిలబడ్డ మీ ఆయన మొహం సగం ఫ్రేము అవతలికి పోయింది. చూసుకోలేదంటారు ఈయన. కావాలని కోశాడంటారు ఆయన. ముందు మాట ఎవరిదన్న దగ్గర ఇద్దరూ బిగుసుకున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నారు.

మీ ఆయన్ని ఒక్కసారి అడిగి చూడు.

నీ వదిన


కళ్ళద్దాల షాపు, వెనక బల్ల,
ఆగని వాన

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం మొదటి సగం చదివి నవ్వాను, రెండో సగం చదివి ఏడ్చాను. అద్దాలు బిగుసుకున్నాయని వచ్చిన పెద్దాయన నన్ను చూసి "పర్లేదులే అమ్మా, వదులుగానే ఉన్నాయి" అని వెళ్ళిపోయాడు.

పాపం అన్నయ్య. చిన్నప్పుడు కూడా అంతే, ఏది పట్టినా దాని అంతు చూసేదాకా వదిలేవాడు కాదు. మా ఆయనకి మాత్రం ఇలాంటి పిచ్చిలేవీ లేవు. వారమంతా లిఫ్టులు బాగుచేస్తూ గుంతల్లో నిలబడి పైకి చూసి చూసి మెడ పట్టేస్తుంది, ఆదివారం మంచం దిగరు. పిట్టా లేదు, గిట్టా లేదు.

అన్నట్టు, అన్నయ్య మొన్న పెట్టిన ఆ గోధుమరంగు పిట్ట ఉందే, దాని ముక్కు లావుగా ఉంటుందా, సన్నగా ఉంటుందా? ఊరికే అడిగాను.

అమ్మ సంగతి ఆయనకి చెప్పాను. "మీ అమ్మంటే నాకు గౌరవమే, నువ్వెళ్ళు. నేను మాత్రం మీ అన్న ముందు మాట్లాడితేనే వస్తాను" అన్నారు. నేనొక్కదాన్నే వచ్చి అమ్మ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఆయనకి మర్యాద లేని గడప తొక్కనని ఆరోజు అందరి ముందూ అన్నది నేనే కదా. నోరు జారాను, ఇప్పుడు కాలు కదలడం లేదు.

అమ్మ కాలికి కొబ్బరినూనె వేడిచేసి రాయి వదినా, నా బదులు.

నీ మరదలు


ఆస్పత్రి మందుల కౌంటర్,
ముసురు పట్టిన శనివారం

మరదలా,

ఈసారి నవ్వు రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఏ రోగికో జలుబు మందు బదులు విరేచనాల మందు ఇచ్చేస్తానేమోనని నీకు రాస్తున్నాను.

మీ అన్నయ్య ఎన్ని పొద్దులో బురదలో బోర్లా పడుకుని, చివరికి ఒక పిట్టని కెమెరాలో పట్టారు. చుక్కల రెల్లుపిట్టట. మన చుట్టుపక్కల ఇంతవరకూ ఎవరికీ కనపడలేదట. రెక్కల లోకంలో పెట్టగానే జనం మూగారు. "జన్మ ధన్యం" అన్నవాళ్ళున్నారు. "లొకేషన్ ఇన్‌బాక్స్ చెయ్యండి సార్" అన్నవాళ్ళు ఇంకా ఎక్కువ. అంతలో దిగాడు ఒక మహానుభావుడు. పేరు మౌనముని. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, రాసేది మాత్రం అరపేజీకి తగ్గదు. "మిత్రమా, ఇది ఆడ పిచ్చుక. మా ఇంటి మీటరు పెట్టెలో ఇలాంటివి కాపురం ఉంటున్నాయి. చుక్కలు ఏవి?" అన్నాడు. ఈ కాలంలో చుక్కలు రాలిపోతాయని మీ అన్నయ్య. అయితే పిచ్చుకలన్నీ చుక్కలు రాలిన రెల్లుపిట్టలేనా అని వాడు. అలా వారం రోజులు ముసుగులో గుద్దులాట.

వాళ్ళిద్దరూ కలిసింది ఒక్కచోటే. ఫోనులో కూత పెట్టి పిట్టని రప్పించడం పరమపాపమని ఆ లోకంలో మొదటి నియమం. పిట్ట అది తన జాతివాడి పిలుపనుకుని, గూడు వదిలి వచ్చి కంగారు పడుతుందట. దాని మీద మీ అన్నయ్య కంటతడి పెట్టించే వ్యాసం రాశారు. కూత పెట్టేవాళ్ళని వెలివెయ్యాలని మౌనముని వంత పాడాడు. వ్యాసం రాసిన సాయంత్రమే మీ అన్నయ్య కొత్త స్పీకరు కొన్నారనుకో, అది వేరే సంగతి.

పిచ్చుక మాట పడ్డప్పటినుంచీ ఈయనకి చేతులాడటం లేదు. ఎవరిదో కింది పళ్ళ వరస పైకి, పై వరస కిందికీ చేసిచ్చారట. ఆ పెద్దమనిషి షాపుకొచ్చి ఒక్కసారి నవ్వి చూపించాడు, అదే ఫిర్యాదు. ఆ మౌనముని కట్టుకున్న మహాతల్లి ఎవరో గానీ, ఆవిడకి చెవుడైనా ఉండాలి, లేదా తనూ ఆ పిచ్చుకలతోపాటు మీటరు పెట్టెలోనే ఉంటూ ఉండాలి.

ముక్కు గురించి అడిగావు కదా. సన్నం. కానీ ఆ ఫోటో సంగతి నేను నీకు రాసినట్టు గుర్తులేదే.

నీ వదిన


కళ్ళద్దాల షాపు,
బుధవారం

వదినగారికి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. తమరు వెతుకుతున్న మహాతల్లిని నేనే. చెవుడు లేదు. మీటరు పెట్టెలో కూడా ఉండటం లేదు, దాని పక్కన రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను.

మా ఆయనే మౌనముని. మీ మొదటి ఉత్తరంలో డేగకన్ను అన్న పేరు చూసినప్పుడే నాకు అర్థమైంది, మా ఇంట్లో రోజూ తిట్లు తింటున్నది మా అన్నయ్యేనని. ఆయనకి చెప్పలేదు, చెబితే ఉన్న తగువుకి పిచ్చుక కూడా తోడవుతుందని. మా ఆయన ఆదివారాలు నిద్రపోతారని రాసింది నా పరువు కోసం. నిజానికి ఆయనకీ ఆకుల చొక్కా ఉంది.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. మా ఆయన నోటి దురుసు మనిషే గానీ, కళ్ళు లేని మనిషి కాదు. ఆ ఫోటో నేనూ చూశాను. ముక్కు లావు. రెక్క మీద ఒకటే తెల్లచార. అది పిచ్చుక. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని అన్నయ్య ఎంత అరిచినా, పిచ్చుక పిచ్చుకే.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఆస్పత్రి మందుల కౌంటర్,
శుక్రవారం

శ్రీమతి ఆడపడుచుగారికి,

మౌనముని ఎవరో మీ అన్నయ్యకి నేనూ చెప్పలేదు. మీ మీద ప్రేమతో కాదు, అత్తయ్య మీద జాలితో.

ఫోటోని నేను కూడా పెద్దది చేసి చూశాను. ముక్కు సన్నం. లావుగా కనపడటానికి కారణం ఆ క్షణంలో నోట్లో పురుగు ఉండటం. కనుబొమ మీద లేత గీత ఉంది, అది పిచ్చుకకి ఉండదు. అద్దాలమ్మే చోట పనిచేస్తున్నారు కాబట్టి ఒక మంచి జత మీ ఆయనకి ఇప్పించగలరు.

అత్తయ్యకి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఆవిడ ఒప్పుకోలేదు.

ఇట్లు,
వదిన


కళ్ళద్దాల షాపు, వెనక బల్ల,
వానలు వెళ్ళిపోయాక

వదినా,

నెల రోజులు నీకు రాయకుండా ఉండగలిగానంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

ఈ నెల రోజులూ నేనేం చేశానో చెబితే నవ్వుతావు. కొత్త అద్దాలు పెట్టుకున్న ప్రతివాళ్ళకీ అక్షరాల బోర్డు బదులు అన్నయ్య ఫోటో చూపించి "ఇదేం పిట్టండీ" అని అడిగాను. ఒకావిడ పిచ్చుకంది, గెలిచాననుకున్నాను. తర్వాతి ఆయన రెల్లుపిట్ట అన్నాడు, తీరా చూస్తే ఆయనా రెక్కల లోకం సభ్యుడే. ఆ తర్వాత వచ్చిన పెద్దాయన చాలాసేపు చూసి "ఇది ఎండుటాకమ్మా" అన్నాడు. అప్పుడు మా షాపు యజమాని నన్ను పక్కకి పిలిచి "నువ్వు కొన్నాళ్ళు సెలవు పెట్టుకోరాదూ" అన్నాడు. మగవాళ్ళ పిచ్చిని చూసి నవ్వుకున్న మనం, ఎండుటాకు ముక్కు లావా సన్నమా అని కొట్టుకుంటూ అమ్మని గాలికి వదిలేశాం. తప్పు నాది. ముందు నేనే నిన్ను 'మీరు' అన్నాను.

ఇప్పుడు అసలు విశేషం విను. మన రెండు ఊళ్ళకీ మధ్య ఉన్న రెల్లుచెరువుకి మా ఆయన మొన్న తెల్లారకుండా వెళ్ళారు. కుడి గట్టున రెల్లులో కూర్చుంటే అవతలి గట్టునుంచి చుక్కల రెల్లుపిట్ట కూసిందట. గంటసేపు. మనిషి మొహం వెలిగిపోతోంది. "అన్నయ్య ఫోటోని పిచ్చుక అన్నారుగా" అని నోటిదాకా వచ్చి ఆగింది. రెక్కల లోకంలో పెడితే ఈసారి అందరూ ఆయన్ని ఎక్కిరించారు. ఒక్కరు మాత్రం ముందుకొచ్చి "అది నిజం, ఆ పొద్దున నేను ఎడమ గట్టున ఉన్నాను, నేనూ విన్నాను" అన్నారట.

ఆ ఒక్కరూ ఎవరో తెలుసా? డేగకన్ను.

నీ మరదలు


ఆస్పత్రి మందుల కౌంటర్,
కాస్త చలి మొదలైంది

బంగారు మరదలా,

నీ ఉత్తరం చూడగానే సగం కోపం పోయింది, ఎండుటాకు దగ్గర మిగతా సగం పోయింది. నా గొప్పలు కూడా విను. ఆ కనుబొమ గీత నాకు నిజంగా కనపడలేదు. మీ అన్నయ్య చెబితే రాశాను.

ఇప్పుడు ఈ ఉత్తరం చదివాక చింపి పారెయ్.

ఆ పొద్దున మీ అన్నయ్య చేసిన రికార్డింగు నేను విన్నాను. రోజుకి నాలుగుసార్లు పెడుతుంటే వినక చస్తానా. టిర్‌ర్‌ర్ టిక్ టిక్, మళ్ళీ టిర్‌ర్‌ర్ టిక్ టిక్. బాగానే ఉంది. మూడో కూత అవగానే వెనకనుంచి సన్నగా ఒక ఆడగొంతు వినపడుతుంది. "ప్రకటనలు లేకుండా వినాలంటే ఇప్పుడే మా గోల్డ్ ప్యాకేజీ తీసుకోండి" అంటుంది. మళ్ళీ పిట్ట. ఎవరిదండీ ఆ గొంతు అని అడిగితే, గట్టు మీద ఎవరో రేడియో పెట్టుకుని ఉంటారన్నారు. తెల్లారకముందు రెల్లులో రేడియో వినేదెవరు? ఆయన ఫోనులో ఉన్న పిట్టకూతల ఉచిత యాప్ కూడా ప్రతి మూడు కూతలకీ అదే గొంతుతో అదే మాట అంటుంది. వంటింట్లో నాకు కంఠతా వచ్చేసింది.

అర్థమైందా? ఎడమ గట్టున ఈయన దొంగచాటుగా ఫోనులో కూత పెట్టారు. కుడి గట్టున ఆయన దొంగచాటుగా ఫోనులో కూత పెట్టారు. ఈ ఫోనుకి ఆ ఫోను జవాబిచ్చింది. కూత పెట్టేవాళ్ళని వెలివెయ్యాలన్న మహాత్ములిద్దరూ గంటసేపు ఒకరినొకరు రికార్డు చేసుకుని ఇంటికొచ్చారు. చెరువులో పిట్ట లేదు. ఉంటే గింటే ఈ గోల విని వలసపోయి ఉంటుంది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత భయం పట్టుకుంది. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఇప్పుడు ప్రాణస్నేహితులు. లోకమంతా ఒకవైపు, డేగకన్నూ మౌనమునీ ఒకవైపు. "సోదరా, నిన్నటి మీ చలి జలుబు ఎలా ఉంది" అని రాసుకుంటున్నారు. నా జలుబు గురించి ఈ మనిషి ఏనాడైనా అడిగారా? ఎవరితో మాట్లాడుతున్నారో తెలిస్తే ఏమవుతుందో, లేని పిట్ట గురించి తెలిస్తే ఏమవుతుందో, నాకు ఊహకి అందడం లేదు.

నీ వదిన


కళ్ళద్దాల షాపు, వెనక బల్ల,
ఆదివారానికి ముందు

వదినా,

చించేశాను, కానీ మూడుసార్లు చదివాక.

మా ఆయన రికార్డింగులో కూడా ఆ గోల్డ్ ప్యాకేజీ ఆవిడ ఉంది. ఆయన ఆ ముక్కని కత్తిరించి, "బాహ్య శబ్దాలు తొలగించబడినవి" అని కింద రాసి పెట్టారు.

ఎవరికీ చెప్పొద్దు. చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. ఆ లేని పిట్ట తప్ప మనకిప్పుడు వేరే దిక్కు లేదు. నిన్న అమ్మ పక్కింటివాళ్ళ ఫోనునుంచి మాట్లాడింది. "నొప్పి అలవాటైపోయిందిలే" అంది. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

ఇంకో గండం వచ్చిపడింది. నీకూ తెలిసే ఉంటుంది. రెక్కల లోకానికి పరిశీలన సంఘం ఒకటుందట. ఈ పిట్టని వాళ్ళు ఒప్పుకుంటే సంవత్సరం చివర వేసే పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి, ఈ ప్రాంతంలో మొట్టమొదట కనుగొన్నవాళ్ళుగా. మా ఆయన అప్పుడే లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పేశారు. తలుపు మూసుకున్నాక వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? ఒప్పుకోవాలంటే ఇద్దరూ ఈ ఆదివారం చెరువు దగ్గరికి వచ్చి, ఎవరెక్కడ కూర్చున్నారో చూపించాలి. సాక్షులిద్దరూ బంధువులై ఉండకూడదట. ఉంటే ఆ రికార్డు చెల్లదట.

అంటే ఆదివారం వాళ్ళు ఎదురెదురు పడతారు. ముందే చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. తెలిస్తే ఆయన వెళ్ళరు. వెళ్ళకపోతే ఉన్న ఈ దారీ మూసుకుపోతుంది. వెళ్ళి అక్కడ కాలర్లు పట్టుకుంటే అమ్మకి ఇక ఏ డాక్టరూ నచ్చజెప్పలేడు.

నేను చెప్పను. నువ్వూ చెప్పకు. ఏమైతే అదవుతుంది.

నీ మరదలు


కళ్ళద్దాల షాపు, వెనక బల్ల,
సోమవారం, షాపు తెరవగానే

వదినా,

నీ పక్కనుంచి నీకు తెలిసే ఉంటుంది, అయినా నా పక్కది కూడా విను.

ఆకుల చొక్కా వేసుకుని ఈయన వెళ్ళారు. గట్టు మీద సంఘం పెద్ద, ఆయన వెనక ఇద్దరు సభ్యులు, ముగ్గురి మెడల్లో బైనాక్యులర్లు. అచ్చం అలాంటి ఆకుల చొక్కాలోనే అటునుంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడట. "దగ్గరికి వచ్చేదాకా నీ అన్న అని పోల్చుకోలేకపోయాను, ఆ చొక్కా బాగానే పనిచేస్తుంది" అన్నారు ఈయన. పోల్చుకున్నాక కాళ్ళు కదల్లేదట. అన్నయ్య కూడా ఆగిపోయాడట.

సంఘం పెద్ద కాగితం తీసి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి వరసగా ప్రశ్నలు వేశాడు. ఏ గట్టు, ఏ వేళ, గాలి ఎటునుంచి. ఇద్దరూ తలొంచుకుని జవాబు చెప్పారు. చివర అడిగాడట, "మీ ఇద్దరికీ బంధుత్వం ఏమైనా ఉందా?" అని.

ఒక్క 'లేదు' చాలు కదా వదినా. పుస్తకంలో పేరు, ఎక్కిరించిన వాళ్ళందరి నోటికీ తాళం. మూడేళ్ళుగా ఇద్దరూ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్న మాటే అది. కొత్తగా అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు.

అన్నయ్య అన్నాడట, "ఉందండీ. ఈయన మా బావ."

"అవును, మా బావే" అన్నారట ఈయన.

పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బంధువుల సాక్ష్యం చెల్లదని చెప్పి, బైనాక్యులర్లతో సహా వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ఇద్దరినీ రెక్కల లోకంనుంచి తీసేశారు. వీళ్ళు పక్కనున్న టీ బడ్డీలో మధ్యాహ్నందాకా కూర్చున్నారట. ఏం మాట్లాడుకున్నారని అడిగితే "లెన్సుల గురించి" అన్నారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ముందు నీ అన్నే మాట్లాడాడు, రాసిపెట్టుకో" అన్నారు. సంచీ ఎక్కడుందని అడిగారు.

గురువారం వస్తున్నాం. ఇద్దరం. అమ్మకి చెప్పు, డాక్టరుకి కూడా చెప్పు.

నీ మరదలు


ఆస్పత్రి మందుల కౌంటర్,
మంగళవారం

మరదలా,

నువ్వు బయల్దేరే లోపల చేరాలని కొరియర్ అబ్బాయిని బతిమాలి ఇది పంపిస్తున్నాను.

అత్తయ్యకి చెప్పాను. "ఆపరేషన్ బల్ల ఎత్తుగా ఉంటుందా" అని అడిగింది. డాక్టరు శనివారం ఖాయం చేశారు.

ఇక్కడ కథ వేరే ఉంది, జాగ్రత్త. "ముందు అన్నది బావే. నేను తర్వాత అన్నాను" అంటున్నారు మీ అన్నయ్య. మీ ఇంట్లో ఈయన ముందు, మా ఇంట్లో ఆయన ముందు. ఎవరి గౌరవం వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. వచ్చాక పొరపాటున కూడా ఈ లెక్క తేల్చడానికి కూర్చోకు.

నిన్న సాయంత్రం ఆయన లెన్సు తుడుచుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఇక దాచడమెందుకని గోల్డ్ ప్యాకేజీ సంగతి చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను, కనీసం సిగ్గుపడతారనుకున్నాను. "తెలుసు" అన్నారు.

"ఎప్పటినుంచి?"

"అక్కడే, ఆ పొద్దునే."

నాకు ఒళ్ళు మండింది. ఫోనుకి ఫోను జవాబిస్తోందని తెలిసి కూడా గంటసేపు దోమల్లో కూర్చున్నారా, దాన్ని తెచ్చి నాకు రోజుకి నాలుగుసార్లు వినిపించారా అని అడిగాను. అప్పుడు చెప్పారు. రెండో కూత తర్వాత అవతలి గట్టున ఎవరో తుమ్మారట. మూడు తుమ్ములు తుమ్మి, ఆగి, అయిపోయిందనుకున్నాక ఇంకోటి. అలా తుమ్మే మనిషి తనకి తెలిసి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారట.

"మరి లేచి ఎదురుగా వెళ్ళాల్సింది కదా" అన్నాను.

"వెళితే లేచి వెళ్ళిపోతాడు. కూత పెడితే జవాబిస్తున్నాడు. మూడేళ్ళలో నాకు ఆయన జవాబివ్వడం అదే మొదటిసారి" అన్నారు. "ఆపితే మళ్ళీ పలకడేమోనని, బ్యాటరీ అయిపోయేదాకా పెడుతూనే ఉన్నాను."

నేను లేచి ఆ ఫోను తీసుకెళ్ళి ఛార్జింగుకి పెట్టాను. జాగ్రత్తగా రండి.

నీ వదిన